ఆమె ఎప్పుడు నోరు విప్పింది? ఇటాలియన్ సాహిత్యంలో ప్రేమికులు

ఇటాలియన్ సాహిత్యంలోని ప్రేమకావ్యాలను, ప్రేమకథలను కాలక్రమంలో చదువుతూ వస్తే, ప్రేమ భావన ఎలా మారిందన్న ప్రశ్నకంటే మరొక ప్రశ్న నన్ను గట్టిగా పట్టుకుంది. ప్రేమకు పాత్రురాలైన స్త్రీ ఎప్పుడు మాట్లాడింది, ఎంతసేపు మాట్లాడింది, ఆమె మాటకు ఎవరు బదులు చెప్పారు? పుట్టిననాటి నుంచి ప్రేమ గురించే పాడుకున్న సాహిత్యం ఇది. అయినా చాలాకాలం అందులో పాడింది పురుషుడే. ఆమె గొంతు వినిపించిన చోట్లను వెతుక్కుంటూ చదివినప్పుడు, పాఠ్యగ్రంథాలుగా స్థిరపడిపోయిన రచనలు సైతం నాకు కొత్తగా కనిపించాయి.

13వ శతాబ్దం తొలి సగంలో, సిసిలీలో, రెండవ ఫ్రెడరిక్ చక్రవర్తి ఆస్థానంలో ఈ చరిత్ర మొదలవుతుంది. దక్షిణ ఫ్రాన్స్‌లోని ప్రొవెన్స్‌లో ట్రూబడూర్లనే ఆస్థాన గాయక కవులు పాడిన ప్రేమను ఆ ఆస్థానపు ఉద్యోగులు తమ భాషలోకి తెచ్చుకున్నారు. వారిలో ముఖ్యుడైన జాకొమో ద లెంతీని వృత్తిరీత్యా నోటరీ. పద్నాలుగు పాదాల సానెట్‌ను రూపొందించిన ఘనతను పండితులు ఆయనకే ఇస్తారు. ప్రేమ హృదయం నుంచి వచ్చే కోరిక అనీ, దానిని మొదట కన్నులు పుట్టిస్తే తర్వాత హృదయం పోషిస్తుందనీ ఆయన ఒక సానెట్‌లో నిర్ధారిస్తాడు. చూపుతో పుట్టి, చూసినవాడి గుండెలోనే పెరిగే ఈ ప్రేమకు ఎదుటి మనిషి మాటతో పని లేదు. అయితే అదే కాలంలో, అదే సిసిలీలో, చియెలో దాల్కమో పేరిట నిలిచిన ఒక సంవాద కవిత ఉంది. అందులో పురుషుడు బతిమాలుతాడు, స్త్రీ తిప్పికొడుతుంది, జుట్టు కత్తిరించుకుని సన్యాసినుల మఠంలో చేరిపోతానని బెదిరిస్తుంది, చివరకు ఒప్పుకుంటుంది. ఆస్థాన కవిత్వం మౌనంగా నిలబెట్టిన స్త్రీకి ఈ కవితలో మాటకు మాట చెప్పగల నోరు ఉంది. తర్వాతి తరాలు ఈ రెండో దారిని కాక మొదటి దారినే పట్టడం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది.

ఆ మొదటి దారిని బొలోన్యాకు చెందిన గ్వీదో గ్వినిజెల్లి ఒక సిద్ధాంతంగా మలిచాడు. ప్రేమ ఎప్పుడూ ఉదాత్త హృదయాన్నే ఆశ్రయిస్తుందనీ, ఆ ఉదాత్తత వంశం వల్ల వచ్చేది కాదనీ ఆయన చెప్పాడు. జన్మను బట్టి గౌరవం నిర్ణయమయ్యే సమాజంలో ఇది చిన్న మాట కాదు. ఫ్లోరెన్స్ కవి గ్వీదో కవల్కాంతి మాత్రం ప్రేమను వివేకాన్ని కమ్మేసే చీకటిగా చూశాడు. ఈ ఇద్దరి నడుమ డాంటే ఎదిగాడు.

తొమ్మిదో ఏట తొలిసారి చూసిన బియాట్రిచెను, సరిగ్గా తొమ్మిదేళ్ల తర్వాత తెల్లని దుస్తులలో, తనకంటే పెద్దవారైన ఇద్దరు స్త్రీల నడుమ నడిచి వెళ్తుండగా చూశానని డాంటే ‘వీటా నువోవా’లో రాశాడు. ఆమె అతడిని పలకరించింది. ఆ పలకరింపే ఆ గ్రంథంలో ఆమె ఇచ్చిన సర్వస్వం. కొంతకాలానికి అతడి గురించి చెడ్డ మాటలు విని ఆమె ఆ పలకరింపును కూడా మానుకుంది. అప్పుడు అతడు తీసుకున్న నిర్ణయం యూరప్ ప్రేమకవిత్వాన్నే మలుపు తిప్పింది. తన ఆనందం ఇకపై ఆమె ఇచ్చే దేనిలోనూ కాక, ఆమెను స్తుతించే మాటలలోనే ఉంటుందని అతడు నిశ్చయించుకున్నాడు. ఆమె 1290లో మరణించింది. వాస్తవ జీవితంలో ఆమె మరొకరి భార్య, అతడు మరొకరి భర్త. ఆ సంగతి గ్రంథంలో ఎక్కడా కనబడదు.

అక్కడితో ఆగిపోయి ఉంటే బియాట్రిచె ఒక అందమైన ప్రతిమగానే మిగిలేది. కానీ ‘డివైన్ కామెడీ’లో, ఆత్మలు పాపం కడుక్కునే పర్గెటరీ పర్వతశిఖరం మీద, ముప్పయ్యవ సర్గలో ఆమె మళ్లీ ప్రత్యక్షమై నోరు విప్పుతుంది. అంతవరకు దారి చూపిన ప్రాచీన రోమన్ కవి వర్జిల్ మాయమయ్యాడని ఏడుస్తున్న కవిని ఆమె పేరు పెట్టి పిలిచి, ఏడవవలసిన కారణం వేరే ఉందని హెచ్చరిస్తుంది. వంద సర్గల ఆ కావ్యంలో డాంటే అన్న పేరు వినిపించేది ఆ ఒక్కచోటే. ఓడ ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తూ సిబ్బందిని పరికించే నౌకాధిపతితో కవి ఆమెను పోలుస్తాడు. తాను మరణించగానే మరొకరి వెంట పోయావంటూ ఆమె అతడిని నిలబెట్టి నిలదీస్తుంది. ప్రియురాలి నోటి నుంచి ఇంత కఠినమైన లెక్క అడిగించుకున్న ప్రేమకవి ఆ కాలంలో మరొకరు నాకు తెలియదు.

ఇక ఆ కావ్యంలోనే కనిపించే ఫ్రాంచెస్కా దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను. నరకంలోని రెండో వలయంలో, ఎడతెగని పెనుగాలికి కొట్టుకుపోతూ, ఒకరినొకరు వీడని రెండు ఆత్మలు కనిపిస్తాయి. రవెన్నాకు చెందిన ఫ్రాంచెస్కా రిమినీ ప్రభు కుటుంబంలో ఇచ్చిన వధువు. ఆమెతో ఉన్న పావొలో ఆమె భర్తకు తమ్ముడు. ఇద్దరినీ చంపింది ఆ భర్తే. పావొలో ఆద్యంతం ఏడుస్తూనే ఉంటాడు, మాట్లాడేది ఆమె ఒక్కతే. వరుసగా మూడు పద్యాలను ఆమె ప్రేమ అన్న మాటతోనే ఎత్తుకుంటుంది: ఉదాత్త హృదయాన్ని ప్రేమ త్వరగా అంటుకుంటుందని, ప్రేమించబడిన వారెవరినీ తిరిగి ప్రేమించకుండా ప్రేమ విడిచిపెట్టదని, ప్రేమే తమను ఒకే మరణానికి నడిపించిందని. మొదటి వాక్యం గ్వినిజెల్లి సిద్ధాంతమే, డాంటే యౌవనంలో తానే పాడిన పాటే. తన తరం కవులు కట్టిన అందమైన మాటలను నమ్మిన ఒక స్త్రీ నరకంలో నిలబడి ఆ మాటలనే తిరిగి అప్పజెబుతుంటే, కవికి అది తీర్పులాగే వినిపించి ఉండాలి. ఇద్దరూ కలిసి ఆర్థర్ రాజు వీరుడైన లాన్సెలాట్ ప్రేమకథ చదువుతూ, ముద్దు ఘట్టం దగ్గర తమ కథ మొదలైందనీ, ఆ రోజు ఇక ముందుకు చదవలేదనీ ఆమె ముగిస్తుంది. డాంటే స్పృహ తప్పి పడిపోతాడు. దేశబహిష్కృతుడైన డాంటేకు చివరి రోజులలో ఆశ్రయమిచ్చింది ఈ ఫ్రాంచెస్కా పుట్టింటివారే. 1321లో ఆయన రవెన్నాలోనే కన్నుమూశాడు.

పెట్రార్క్ కవిత్వం ముందు తలవంచుతూనే ఒక మాట చెప్పాలి: ఆయనలో ప్రియురాలు లౌరాకంటే లౌరాను తలచుకుంటున్న మనసే ఎక్కువగా ఉంటుంది. 1327 ఏప్రిల్ 6న అవిన్యోన్‌లోని సెయింట్ క్లేర్ చర్చిలో ఆమెను తొలిసారి చూశానని, 1348లో అదే నెల, అదే తేదీన ఆమె మరణించిందని ఆయన తన దగ్గరున్న వర్జిల్ కావ్యాల ప్రతిలో రాసుకున్నాడు. ఆయన కూర్చిన ‘కాన్జొనియేరె’లోని 366 కవితలలో ఆశ, సిగ్గు, పశ్చాత్తాపం, మళ్లీ ఆశ ఒకదాని వెంట ఒకటి తిరుగుతాయి. ఆమె దగ్గరగా వచ్చి మనసు విప్పి మాట్లాడేది చాలావరకు మరణించిన తర్వాతనే. అప్పుడు కలలో ఆయన మంచం అంచున కూర్చుని, కన్నీళ్లు తుడిచి, ఇంతగా ఏడవడం ఎందుకని అడుగుతుంది. బియాట్రిచె విషయంలోనూ ఇదే జరిగిందని గుర్తు చేసుకుంటే, ఆ కవులకు మాట్లాడే ప్రియురాలు స్వర్గంలో ఉన్నప్పుడే భరించదగినదిగా తోచిందేమోనని నాకు అనుమానం.

బొకాచియో ఆమెను నేల మీదికి తెచ్చాడు. 1348 నాటి ప్లేగు నుంచి తప్పించుకుని ఫ్లోరెన్స్ విడిచిన ఏడుగురు స్త్రీలు, ముగ్గురు పురుషులు చెప్పుకున్న వంద కథలు ‘డెకామెరాన్’. గదులలో బంధించబడి, వలపును లోపలే దాచుకుని కుమిలిపోయే స్త్రీల ఊరట కోసం ఈ కథలు రాస్తున్నానని ఆయన ముందుమాటలోనే ప్రకటించాడు. నాలుగో రోజు మొదటి కథలో సలెర్నో రాజు తాంక్రేది, భర్త చనిపోయి తిరిగివచ్చిన కూతురు గిజ్మోందాకు అతి మమకారం వల్ల మళ్లీ పెళ్లి చేయడు. ఆమె రాజసేవకుడైన గ్విస్కార్దోను ఎంచుకుని, బోలు రెల్లుగొట్టంలో ఉత్తరం దాచి అతడికి అందిస్తుంది. వారి కలయికను కళ్లారా చూసిన తండ్రి ఆమె ఎదుట ఏడుస్తాడు. ఆమె మాత్రం ఏడవదు. నువ్వు రక్తమాంసాలతో చేసిన మనిషివి, నువ్వు కన్న కూతురు కూడా రాయి, ఇనుము కాక రక్తమాంసాలతోనే పుట్టిందని గుర్తుంచుకోవలసింది అంటూ ఆమె వాదన మొదలుపెడుతుంది. పుట్టుకలో అందరూ సమానులేననీ, గుణమే మనిషిని గొప్పవాడిని చేస్తుందనీ, ఆ లెక్కన నీ ప్రభువులందరికంటే గ్విస్కార్దోయే ఉదాత్తుడనీ అంటుంది. గ్వినిజెల్లి కవులకు చెప్పిన సిద్ధాంతాన్ని ఇక్కడ ఒక స్త్రీ ప్రభువు ముందు తన హక్కుగా నిలబెట్టింది. తండ్రి బంగారు పాత్రలో పంపిన ప్రియుడి గుండెను ఆమె కన్నీటితో తడిపి, అందులో విషం పోసుకుని తాగుతుంది. ఆమె ప్రాణం పోయినా ఆ వాదనకు తండ్రి దగ్గర జవాబు లేదు.

16వ శతాబ్దంలో పెట్రార్క్‌ను అనుకరించడమే కవిత్వమైపోయింది. ఆ పరికరాలనే చేతిలోకి తీసుకుని వెనిస్‌లో గాస్పరా స్తాంపా తన ప్రియుడు కొల్లాల్తీనో ది కొల్లాల్తో కోసం సానెట్లు రాసింది. 1554లో ఆమె మరణించాక ఆమె సోదరి కస్సాండ్రా వాటిని ప్రచురించింది. విరహాన్ని ఆమె దాచుకోలేదు, కీర్తిని ఆశించడానికి సంకోచించలేదు, సంపుటం చివరికి వచ్చేసరికి మరొకరిని ప్రేమించానని చెప్పడానికీ వెనుకాడలేదు. లౌరా స్థానంలో ఒక పురుషుడు మౌనంగా వర్ణింపబడటం ఎంత పెద్ద మార్పో ఆ సానెట్లు చదివితేనే తెలుస్తుంది.

అదే శతాబ్దంలో అరియోస్తో ‘ఓర్లాందో ఫురియోసో’ కావ్యంలో వీరులందరూ వెంటబడిన ఆంజెలికా, గాయపడిన ఒక మామూలు సైనికుడు మెదోరోను తానుగా వరిస్తుంది. ఆమెను ప్రేమించిన వీరుడు ఓర్లాందో అడవిలో చెట్ల మీద చెక్కిన వారి పేర్లు చూసి ముందు నమ్మడు. ఆ రాత్రి వారు ఉన్న ఇంట్లోనే తలదాచుకుంటే, ఇంటి యజమాని అతడిని ఓదార్చాలనే మంచి ఉద్దేశంతో ఆ ప్రేమకథంతా చెబుతాడు. వీరుడికి పిచ్చి పట్టడానికి కారణమైనది ఒక స్త్రీ తన ఇష్టం ప్రకారం నడుచుకోవడమే.

1827లో వెలువడిన మంజోనీ నవల ‘ప్రొమెస్సీ స్పోసీ’లో ప్రేమికులు కవులు కారు, ప్రభువులు కారు, రెన్జో పట్టుదారం వడికే యువకుడు, లుచీయా పల్లెటూరి పిల్ల. నవలకు తొలిరూపమైన ‘ఫెర్మో ఎ లుచీయా’లో రచయిత కథ ఆపి, లోకంలో ప్రేమ అవసరమైనదానికంటే ఆరువందల రెట్లు ఎక్కువే ఉందనీ, పుస్తకాలు దానిని మరింత పెంచనక్కరలేదనీ వాదించాడు. ఆ కారణంగానే ఈ వధూవరుల మధ్య ప్రేమసంభాషణ దాదాపు ఉండదు. సొంత కొండలను విడిచి రాత్రివేళ పడవలో వెళ్తూ లుచీయా మనసులో పలికే వీడ్కోలు ఇటలీలో ఎందరికో కంఠస్థం. అయితే అది ముగియగానే, ఆమె తలపులు సరిగ్గా ఇవే కాకపోయినా ఇటువంటివే అని కథకుడు ఒప్పుకుంటాడు. అంత అందమైన మాటలు ఆమెవి కావు, ఆమె కోసం ఆయన పలికినవి. ఆ నిజాయితీ నాకు చాలా ఇష్టం.

వెర్గా అటువంటి సాయం కూడా చేయలేదు. 1881 నాటి ఆయన నవల ‘ఇ మలవోల్యా’లో బండివాడు ఆల్ఫియో ఏళ్ల తర్వాత తిరిగివచ్చి మేనాను పెళ్లాడతానంటాడు. తనకు ఇరవయ్యారేళ్లు వచ్చాయి, పెళ్లి వయసు దాటిపోయిందని ఆమె అంటుంది. అసలు కారణం చెల్లెలి వల్ల ఇంటికి వచ్చిన అప్రతిష్ఠ. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. పేదరికం, పరువు ఒక మనిషి నోటికి ఎంత తాళం వేస్తాయో ఆ కొన్ని వాక్యాలలో ఉన్నంత స్పష్టంగా నేను మరెక్కడా చదవలేదు.

1906లో సిబిల్లా అలెరామో ‘ఊనా దొన్నా’తో ఆ తాళం పగిలింది. బలాత్కారంతో మొదలైన వివాహాన్ని విడిచి, చట్టం తండ్రికే అప్పగించిన కొడుకును కూడా వదులుకుని వెళ్లిపోయిన స్త్రీ, ఎప్పటికైనా ఆ కొడుకు చదివి అర్థం చేసుకోవాలని రాసిన కథ ఇది. ప్రేమ పేరిట స్త్రీలు తరతరాలుగా చేస్తున్న ఆత్మత్యాగాన్ని ఆమె నేరుగా ప్రశ్నించింది.

ఆ తర్వాతి ఇటలీ రచయితలలో కొందరికి దాంపత్యమే ప్రేమకు వస్తువైంది. కవి మొంతాలే తన భార్య ద్రుసిల్లా తాన్జీ 1963లో మరణించాక ఆమె కోసం రాసిన కవితలు, పెట్రార్క్ మరణానంతర కవితల తర్వాత నన్ను అంతగా కదిలించినవి. చూపు బాగా తక్కువైన ఆమెకు చేయి అందించి లక్షలాది మెట్లు దిగానని, ఇద్దరికీ ఉన్న నాలుగు కళ్లలో నిజంగా చూసినవి మసకబారిన ఆమె కళ్లేనని ఆయన అంటాడు. సిసిలీ నోటరీ కాలం నుంచి చూసే హక్కు పురుషుడి కన్నులదే. ఆ హక్కును మొంతాలే తన భార్యకు అప్పగించాడు.

నతాలియా గిన్జ్‌బర్గ్ 1962లో ప్రచురించిన ‘లూయీ ఎ ఇయో’ వ్యాసంలో చూసేదీ, చెప్పేదీ ఆమే. అతడికి ఎప్పుడూ ఉక్క, తనకు ఎప్పుడూ చలి అన్న వాక్యంతో అది మొదలవుతుంది. అతడికి పరాయి నగరాలలో కూడా దారులు తెలుస్తాయి, ఆమె సొంత ఊళ్లోనే తప్పిపోతుంది. అతడికి సంగీతం ఇష్టం, ఆమెకు అది అంతుపట్టదు. అతడు కేకలు వేస్తాడు, ఆమె కూడా కేకలు వేస్తుంది. ఎక్కడా స్తుతి లేదు, ప్రేమ అన్న ప్రకటన లేదు. అయినా ఒక మనిషి అలవాట్లను ఇంత ఓపికగా, ఇంత దగ్గరగా గమనించడం ప్రేమ లేనిచోట సాధ్యమని నేను అనుకోను. ఆ భర్త మనకు ఆమె రాసిన మేరకే తెలుస్తాడు, ఆమె వినిపించిన మేరకే వినిపిస్తాడు.