టోర్‌క్రాస్ నల్ల ట్యాంకు

ఇంగ్లండ్ నైరుతి భాగాన ఉన్న డెవన్‌కు జనం సముద్రం కోసం, కొండల కోసం వెళతారు. నేను వెళ్లింది ఒక ట్యాంకు కోసం. ఎక్సెటర్‌లో ఉంటున్న మా మేనకోడలు "ఇంత దూరం వచ్చి ఇనుప ముద్దను చూస్తావా మామయ్యా!" అని విసుక్కుంటూనే కారు తీసింది.

డార్ట్‌మత్ దాటాక దారి ఇరుకు. రెండు పక్కలా మనిషెత్తు పొదల గట్లు, ఎదుటి నుంచి బండి వస్తే ఎవరో ఒకరు వెనక్కి తగ్గాలి. కొండ దిగగానే రోడ్డు పొడవాటి గులకరాళ్ల గట్టు మీదికి ఎక్కుతుంది. ఎడమవైపు సముద్రం, కుడివైపు స్లాప్టన్ లే అనే మంచినీటి సరస్సు, మధ్యన మన కారు. ఆ గట్టు చివర ఉన్న చిన్న ఊరే టోర్‌క్రాస్. కార్లు నిలిపే స్థలం పక్కనే నల్లగా నిలబడి ఉంది రెండో ప్రపంచ యుద్ధకాలపు అమెరికన్ షెర్మన్ ట్యాంకు.

పిల్లలు ముందు నుంచి ఫిరంగి పట్టుకుని ఫొటోలు దిగుతున్నారు. నేను నేరుగా వెనక్కి వెళ్లాను, ఎందుకంటే ఈ ట్యాంకు ఎవరో చెప్పేది దాని వీపే. మామూలు షెర్మన్‌కు అక్కడ ఉండకూడనిది ఒకటి దీనికి ఉంది: పడవకు ఉన్నట్టు ప్రొపెల్లర్ల ఏర్పాటు. ఇది నీటిలో ఈదడానికి తయారైన ట్యాంకు. పక్కకు వచ్చి ఒంటిని చూస్తే మరో గుర్తు దొరుకుతుంది. షెర్మన్లలో పలకలు వెల్డింగ్ చేసి కోణాలు తేలేటట్టు కట్టినవి కొన్ని, పైభాగమంతా ఒకే పోతగా గుండ్రంగా పోసినవి కొన్ని. దీని భుజాలు గుండ్రం. అంటే ఎం4ఏ1 రకం.

ముప్పై టన్నుల ఇనుము ఈదడమేమిటని మేనకోడలు అడిగింది. హంగరీలో పుట్టి బ్రిటన్‌లో స్థిరపడిన ఇంజనీరు నికొలస్ స్ట్రౌస్లర్ ఆలోచన అది. ట్యాంకు చుట్టూ దళసరి కాన్వాసు గోడ కట్టి, రబ్బరు గొట్టాలలో గాలి నింపి దాన్ని పైకి లేపేవారు. అలా లేచిన గుడ్డ తొట్టిలో ట్యాంకు తేలేది. ట్యాంకు పట్టాలు తిరుగుతుంటే వెనక చక్రాల నుంచి ప్రొపెల్లర్లకు శక్తి అందేది. వేగం గంటకు సుమారు ఏడు కిలోమీటర్లే. అల ఆ గుడ్డ గోడను దాటిందా, అంతే. 1944 జూన్ 6న, జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్స్‌లోని నార్మండీ మీద మిత్రసేనలు దిగిన రోజున, ఒమాహా తీరం ముందు ఒక అమెరికన్ పటాలం నీటిలోకి దింపిన 29 ట్యాంకుల్లో 27 మునిగిపోయాయి. ఉటా తీరం దగ్గర కథ వేరు: 70వ ట్యాంకు పటాలానికి చెందిన 32లో 28 ఒడ్డు చేరాయి. టోర్‌క్రాస్ ట్యాంకు ఆ 70వ పటాలానిదే. కాకపోతే ఇది నార్మండీ దాకా పోలేదు.

ఆ దాడిని ముందే అభ్యసించడానికి ఉటాకు నకలుగా అమెరికన్లు ఎంచుకున్నది ఈ తీరాన్నే. అక్కడా ఇసుక వెనక నీరు నిలిచిన పల్లం, ఇక్కడా గట్టు వెనక సరస్సు. 1943 చివర్లో చుట్టుపక్కల ఊళ్లలోని దాదాపు మూడు వేల మంది చేత, పశువులతో సహా, ఇళ్లు ఖాళీ చేయించారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో 'ఎక్సర్‌సైజ్ టైగర్' పేరుతో పెద్ద అభ్యాసం జరిగింది. 27 రాత్రి తెల్లవారితే 28. లైమ్ అఖాతంలో వస్తున్న ఎనిమిది అమెరికన్ రవాణా ఓడల మీద, ఫ్రాన్స్ రేవు చెర్బోర్గ్ నుంచి బయలుదేరిన జర్మన్ వేగనౌకలు టార్పెడోలు వేశాయి. రెండు ఓడలు మునిగాయి. కాపలాకు రావలసిన రెండో యుద్ధనౌక దెబ్బతిని రేవులోనే ఉండిపోయింది, రేడియో పౌనఃపున్యాలు పొరపాటుగా అచ్చయినందువల్ల హెచ్చరికలు అందలేదు. లైఫ్‌బెల్టులను చంకల కింద కాక నడుముకు కట్టుకున్న సైనికులు, వీపు మీది బరువుకు తలకిందులై మునిగారు. ఆ రాత్రి చనిపోయినవారు మొత్తం 749 మంది. ఉటాలో అసలు దాడి రోజున పోయినవారి కంటే ఇది ఎక్కువ. నార్మండీ రహస్యం బయటపడకూడదని బతికినవారి నోళ్లు కట్టేశారు.

చాలామంది చూపరులు ఈ ట్యాంకు ఆ రాత్రి ఓడలతో పాటే మునిగిందనుకుంటారు. నా పక్కన ఒకాయన తన భార్యకు అలాగే చెబుతున్నాడు. ఓడలు మునిగింది దూరాన, నడి అఖాతంలో. ఇది దొరికింది ఒడ్డుకు ముప్పావు మైలు దూరాన, సుమారు 60 అడుగుల లోతున. ఒడ్డుకు దిగే అభ్యాసంలో పోయిన ట్యాంకు ఇది. ఆ తేడా చిన్నది కాదు. ఏ వస్తువు ఎక్కడ ఎలా పోయిందో చెప్పలేనప్పుడు స్మారకం వట్టి అలంకారమే.

దీన్ని బయటికి తెచ్చినవాడు సైన్యాధికారీ కాదు, చరిత్రకారుడూ కాదు. టోర్‌క్రాస్‌లో అతిథి గృహం నడిపిన కెన్ స్మాల్. 1970ల తొలి రోజుల్లో ఒడ్డున నడుస్తుంటే ఆయనకు తూటాలు, గుండీలు, సైనిక సామాను తునకలు దొరికేవి. నీటి అడుగున వలలకు తగులుకునే పెద్ద వస్తువేదో ఉందని జాలరులు చెప్పారు. అది ట్యాంకు అని తేలాక, 1974లో అమెరికా ప్రభుత్వం దగ్గర 50 డాలర్లకు కొన్నాడు. కొనడం తేలిక, లేపడం కష్టం. 1984 మేలో గాని అది ఒడ్డుకు రాలేదు. అధికారిక గుర్తింపు ఫలకం కోసం 1987 దాకా ఆగవలసి వచ్చింది. ఆయన 2004లో కన్నుమూశాడు.

నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించింది ఆ నల్ల పూత. నలభై ఏళ్లు ఉప్పునీటిలో నానిన ఇనుములో ఉప్పులోని క్లోరైడ్లు లోలోపలికి ఇంకిపోతాయి. గాలి తగలగానే తుప్పు రెట్టింపు జోరు అందుకుంటుంది. అదే కాలంలో, 1982లో లేపిన 'హాలండ్ 1' అనే పాత జలాంతర్గామి మ్యూజియంలోనే తుప్పు పట్టిపోతుంటే, చివరికి దాన్ని సోడియం కార్బొనేట్ ద్రావణంలో ఏళ్ల తరబడి నానబెట్టవలసి వచ్చింది. టోర్‌క్రాస్ ట్యాంకు నిలబడింది ఆరుబయట, ఉప్పు గాలిలో. దానికున్న రక్షణ పైపూతే. అందుకే అక్కడక్కడా పెచ్చులు లేచి, వాటి కింద గుంతలు పడిన ఇనుము చేతికి తగులుతుంది. ముదురాకుపచ్చ రంగు కొట్టి తెల్ల నక్షత్రం వేయలేదు, అది నాకు నచ్చింది. సముద్రం తినగా మిగిలినదని చూడగానే తెలుస్తుంది. మన దగ్గర స్మారక ట్యాంకులకు జెండా పండుగ వచ్చినప్పుడల్లా కొత్త రంగు మెత్తుతారు. ఆ పొరల కింద పాత అంకెలు, గుండు దెబ్బలు మాయమవుతాయి. రంగు వేయొద్దనను. వేసే ముందు ఫొటోలు తీసి, గుర్తులు రాసి పెట్టమంటాను.

విశాఖ తీరం గుర్తొచ్చింది. 1942 ఏప్రిల్‌లో జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ యుద్ధకాలపు కాంక్రీటు కాపలా గూళ్లు నేటికీ ఇసుక కోసుకుపోయినప్పుడు బయటపడుతుంటాయి. వాటికీ ఒక పట్టువదలని అతిథి గృహ యజమాని కావాలేమో.

తిరుగు దారిలో గట్టు మీదున్న రాతి స్తంభం దగ్గర ఆగాం. 1954లో అమెరికా సైన్యం నిలిపినది. ఇళ్లూ పొలాలూ వదిలి వెళ్లిన స్థానికులకు దాని మీద కృతజ్ఞత చెక్కారు. ఏప్రిల్ రాత్రి చనిపోయినవారి ఊసు అందులో లేదు.

వెళ్లేవారికి ఒక మాట. డార్ట్‌మత్ నుంచి కింగ్స్‌బ్రిడ్జ్ వెళ్లే బస్సు ఈ గట్టు మీదుగానే పోయేది. 2018 తుపానులో ఈ రోడ్డు ముక్క సముద్రంలో కలిసిపోయి నెలల పాటు మూతపడింది, కాబట్టి ఎప్పుడు వెళ్లినా దారి తెరిచి ఉందో లేదో, బస్సు ఎటుగా పోతుందో ముందే విచారించుకోండి. గులకరాళ్ల మీద నడవడానికి గట్టి బూట్లు వేసుకోండి. ట్యాంకును మాత్రం వెనక నుంచి చూడడం మొదలుపెట్టండి.