సహిష్ణుః: ఒకసారి సరిపోలేదా?

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో శనివారం సాయంత్రం విష్ణుసహస్రనామ పారాయణ చేస్తాం. గుంటూరు, అనంతపురం, కరీంనగర్ వాళ్లం, ఇద్దరు కన్నడ పెద్దవాళ్లు. ఒకాయనకు ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారి బాణీ దాటకూడదు. ఇంకొకరికి ఏడున్నరకల్లా ఫలశ్రుతి అయిపోవాలి. మా ఎదురు బ్లాకు అక్కగారు మాత్రం గొంతెత్తి, ఒత్తులన్నీ మింగేసి, అందరికంటే అర పాదం ముందుంటారు.

పోయిన ధనుర్మాసంలో ఒక శనివారం నాకు ఓపిక పోయింది. మొదటి శ్లోకంలోనే ఆవిడను ఆపి, "అక్కా, భూతభృత్ అనాలి. మీరంటుంటే బూతులా వినిపిస్తోంది" అన్నాను. నలుగురూ నవ్వారు. ఆవిడ పుస్తకం మూసి, "అయితే నువ్వే చదువుకోమ్మా" అని లేచి వెళ్లిపోయారు. ఆవిడ తెచ్చిన చక్కెర పొంగలి మాత్రం మేమే తిన్నాం.

ఆ రాత్రి పుస్తకం తిరగేస్తే సహిష్ణుః దగ్గర ఆగిపోయాను. 144వ నామం అది. మళ్లీ 565వ నామమూ అదే. సహస్రనామానికి భాష్యం రాసిన ఆదిశంకరులు రెండుచోట్లా ఒకే అర్థం చెప్పలేదు. మొదటిచోట హిరణ్యాక్షుడి వంటివాళ్లను అణచేవాడు అన్నారు. రెండోచోట చలి, ఎండ లాంటి ద్వంద్వాలను ఓర్చేవాడు అన్నారు. సహ అనే ధాతువులోనే గెలవడమూ ఉంది, ఓర్చుకోవడమూ ఉంది. నేను ఆ సాయంత్రం చేసింది ఈ రెండూ కాదు. ఒత్తు సరిచేశానని సంబరపడ్డాను, అంతే.

తర్వాత ఒకరు "ఆవిడకు చెవుడు లెండి" అన్నారు. మరొకరు "ఇంట్లో కోడలితో పడదట" అన్నారు. వెంటనే నా మనసు కరిగిపోయింది. క్షమాపణ చెప్పడానికి వెళ్లినప్పుడు మాటల్లో ఆ సంగతి కదిపితే ఆవిడ నవ్వేశారు. "చెవుడూ లేదు, గొడవా లేదు. నా గొంతే అంత" అన్నారు. నిజం చెప్పాలంటే అప్పుడు నాకు మళ్లీ కోపం వచ్చింది!

మన ఓర్పంతా ఇలాగే ఉంటుంది. ఎదుటివాళ్లకు ఏదో ఒక కష్టం ఉంటేనే మన్నిస్తాం. ఓర్చినమ్మకు తేట నీళ్లు అంటారు కదా, ఆ తేట నీళ్ల కోసమే ఓరుస్తాం. ఎదుటి మనిషి ఏ కారణమూ లేకుండా అలాగే ఉంటే, రేపు కూడా అలాగే ఉంటే? గోల్కొండ చెరలో రామదాసు నగల ఖర్చులన్నీ చెప్పి మరీ రాముణ్ని దెప్పిపొడిచాడు. నాతో మర్యాదగా మాట్లాడు అని రాముడు అన్నాడా? ఆ నోటినీ భక్తుల లెక్కలోనే వేసుకున్నాడు. ఆయన వేసుకున్న లెక్కలోంచి తీసేయడానికి మనమెవరం?

శుద్ధంగా చదవవద్దని నేను అనడం లేదు. ఉచ్చారణ ముఖ్యమే. నేర్పాలనుంటే ఇంటికి పిలిచి, కాఫీ ఇచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని నేర్పండి. గోష్ఠి మధ్యలో స్వామి ఎదుట మనిషిని చిన్నబుచ్చకండి. వాట్సాప్ గ్రూపులో అసలే వద్దు.

మూడు వారాల తర్వాత ఆవిడ మళ్లీ వచ్చారు. ఇప్పటికీ అర పాదం ముందే. నాకు ఇప్పటికీ చిరాకు వస్తుంది. పదహారో శ్లోకంలో సహిష్ణుః అనగానే సర్దుకుంటాను. అరవయ్యో శ్లోకానికి వచ్చేసరికి ఆ ఓపిక అయిపోతుంది. సరిగ్గా అక్కడే ఆ నామం రెండోసారి వస్తుంది. భాష్యకారుల మాట ఎలా ఉన్నా, నా మట్టుకు నాకు అది రెండుసార్లు వచ్చింది అందుకే.

ఈ శనివారం పొంగలి వంతు నాది.