పర్లాకిమిడి సర్కారు బడికి దండం

నిన్న ఒడిశాలోని మా పర్లాకిమిడిలో, అన్నయ్య కూతురి బడిలో తల్లిదండ్రుల మీటింగ్‌కి వెళ్లాను. వదిన ఇప్పుడు బడి కమిటీ మెంబరు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లుండాలి. వదిన లేచి తాగునీటి కుళాయి గురించి మాట్లాడుతుంటే హెడ్‌మాస్టారు పుస్తకంలో రాసుకున్నారు. ఎంత గర్వంగా అనిపించిందో!

మా పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఒకటో తరగతిలో అదే పెద్ద టెన్షన్. వాళ్ల గురుమా (ఇక్కడ టీచరమ్మని అలాగే పిలుస్తారు) ఒడియా ఆవిడే, అయినా మన మాటలు నేర్చుకున్నారు. 'ఏడవకమ్మా, ఆకలేస్తోందా?' అని తెలుగులో అడిగి, ఆ తర్వాతే పాఠం మొదలుపెడతారు. పిల్లల భాషలోకి పంతులే వెళ్లడం ఈ ఊరికి కొత్త కాదు. 1880లో ఇక్కడ ఉపాధ్యాయుడిగా చేరిన గిడుగు రామమూర్తి గారు ఇక్కడి గిరిజనుల సవర భాష నేర్చుకుని, సొంత డబ్బుతో సవర పిల్లలకు బళ్లు పెట్టారు. ఆ పేరు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

వంటమ్మల గురించి కూడా చెప్పాలి. అన్నం, దాల్మా (కూరగాయలు వేసి వండే పప్పు) వడ్డిస్తూ ఎవరు సరిగ్గా తినలేదో చూసి మరీ గురుమాకి చెబుతారు. వాళ్లకిచ్చే డబ్బు చాలా తక్కువ, అది పెరగాలి.

వచ్చే మీటింగ్‌లో వదిన తెలుగు కథల పుస్తకాలు అడగబోతోంది. మీ ఇంట్లో పిల్లలు చదివేసినవి ఉంటే చెప్పండి, నేనే వచ్చి తీసుకెళ్తాను.