మా మావయ్య కాంట్రాక్టు నాటకాలు, లండన్‌లో హారిస్ దొర కుళాయి

మొన్న సంక్రాంతి ముందు లండన్‌లో ఉన్న మా మేనల్లుడు వాట్సాప్‌లో ఒక ఫొటో పెట్టాడు. థియేటర్ గోడకి ఆనించి కట్టిన రాతి కట్టడం, మధ్యలో కోటు వేసుకున్న ఒక దొరగారి తలకాయ బొమ్మ, ఒకప్పుడు జనం మంచినీళ్లు తాగే కుళాయంట అది. కింద వాడు రాసింది, "మావయ్యా, ఈయన కూడా మన తాతయ్యలాగే నాటకాల కాంట్రాక్టరే". వాడు తాతయ్య అన్నది మా అమ్మ తమ్ముణ్ణి, అంటే మా మావయ్యని. ఒడిశా బరంపురంలో బట్టలు కుట్టే షాపు పేరుకి, అసలు పని ఊరూరా తెలుగు నాటకాలు ఆడించడం. పోయి చాలా ఏళ్లయింది.

ఆ తలకాయ పేరు అగస్టస్ హారిస్. పిల్లల్ని సెలవుల్లో పాంటోమైమ్‌కి తీసుకెళ్లి అటునుంచి అటే ఆ వీధిలో తిరుగుతుంటే కనిపించిందట. నేను మొదట పాంటోమైమ్ అంటే మూకాభినయం అనుకున్నాను, చేతులు ఊపుతూ నోరు విప్పకుండా చేసేది. కాదట, అక్కడ దానికి అసలు నోరే ఎక్కువ. ఒకప్పుడు క్రిస్మస్ మర్నాడు అంటే డిసెంబర్ 26న మొదలయ్యేది, ఇప్పుడు ఇంకా ముందే మొదలవుతుంది, సిండ్రెల్లా, అల్లావుద్దీన్ లాంటి కథ ఒకటి పేరుకి ఉంటుంది, మిగతాదంతా పాటలు, జోకులు, సెట్టింగులు. లావుపాటి ముసలావిడ వేషం మగాడు వేస్తాడు, హీరో వేషం ఆనవాయితీగా ఆడపిల్ల వేస్తుంది, వెనకాల దెయ్యం వస్తుంటే హాల్లో పిల్లలంతా "నీ వెనకాలే ఉన్నాడు" అని గొంతు చించుకుంటారు. మేనల్లుడు అదంతా వింతగా చెప్తుంటే నాకేం వింత అనిపించలేదు. స్థానం నరసింహారావుగారు సత్యభామ వేస్తే ఆడవాళ్లే ఆ నడక చూసి నేర్చుకున్నారని చెప్పుకునే జాతి మనది, ఆపైన రెండేళ్లకోసారి ఠాకురాణి జాత్రలో బరంపురం సగం ఊరు ఏదో ఒక వేషం కట్టి వీధిలోకొస్తుంది, మగాడు చీర కట్టుకోవడం మాకు ఫొటో తీసుకునేంత విషయం కూడా కాదు.

కానీ హారిస్ గురించి చదువుతూ పోతే నిద్ర పట్టలేదు.

1852లో పారిస్‌లో పుట్టాడు, నాన్న కూడా థియేటర్ మనిషే. ముందు ఏదో కంపెనీలో గుమాస్తా, తర్వాత 1873లో మాంచెస్టర్‌లో మక్బెత్ నాటకంలో చిన్న వేషం, తర్వాత ఒపెరా వాళ్ల దగ్గర స్టేజీ పని, 1876లో క్రిస్టల్ ప్యాలెస్‌లో సింద్‌బాద్ పాంటో తయారు చేయించే పని. అంటే నటుడిగా పెద్ద గొప్పోడు కాదు, తెర వెనక మనిషి అని అప్పటికే తేలిపోయింది. మా మావయ్యది కూడా అదే కథ, నారదుడు వేషం ఒకసారి వేసి తంబూరా తీగ తెంపుకుని ఇంక జన్మలో మొహానికి రంగు పూసుకోలేదు.

1879లో లండన్‌లో డ్రూరీ లేన్ థియేటర్, అంటే ఫొటోలో కుళాయి ఉన్న గోడ ఆ థియేటర్‌దే, మూతపడి ఉంది. దాన్ని నడిపినాయన దివాళా తీశాడు. షేక్‌స్పియర్ ఆడిస్తే కొంప మునుగుతుంది, కవి బైరన్ నాటకాలు ఆడిస్తే దివాళా అని ఒక సామెతే పుట్టింది ఆ థియేటర్ మీద. అలాంటి హాలుని ఇరవయ్యేడేళ్ల హారిస్ లీజుకి తీసుకున్నాడు. అప్పుడు అతని సొంత డబ్బు నాలుగు పౌన్లు కూడా లేదని చెప్పుకుంటారు, మిగతాదంతా అక్కడా ఇక్కడా సర్దిందే. ఆ ముక్క చదవగానే మావయ్య కళ్లముందుకొచ్చేశాడు. నాటకం ఆడించుకునే ఊరివాళ్ల దగ్గర సగం అడ్వాన్సు తీసుకుని, అందులో సగం విజయనగరంలో హరిశ్చంద్రుడికి మనియార్డర్ చేసి, మిగతా సగంతో కిందటి నాటకం లైట్ల వాడి బాకీ తీర్చి, ఇంక ఈ నాటకం లైట్లకి ఎవరి దగ్గరకెళ్లాలా అని షాపు ముందు కూచునేవాడు.

హారిస్ లెక్క ఎలా ఉండేదంటే, ఏడాది మొత్తానికి అన్నం పెట్టేది పాంటో. వేసవి, శరదృతువుల్లో పెద్ద మెలోడ్రామాలు, స్టేజీ మీదే ఓడ మునిగిపోవడాలు, సముద్రంలో తెప్ప మీద మనుషులు తేలడాలు. క్రిస్మస్‌కి పాంటో, వసంతంలో ఒపెరా. 1886లో అలీబాబా నలభై దొంగల పాంటోలో ఒక్కో దొంగకి విడిగా పరివారం ఇచ్చి వందల మందిని స్టేజీ మీద ఊరేగించాడు. నలభై మంది దొంగలుంటే చాలుగా బాబూ అనిపిస్తుంది, కానీ చాలు అనే మాట ఆయనకి రాదు. సరిగ్గా అంతకు ముందేడు, 1885లో, కడప జిల్లా సురభిలో వనారస గోవిందరావుగారు కీచకవధ ఆడి మన సురభి నాటకాలకి మొదలు పెట్టారు. ఒకరి గురించి ఒకరికి తెలిసే వీలే లేదు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న సంగతికొస్తాను. డ్రూరీ లేన్ పాంటోలకి 37 ఏళ్లు వరసగా మాటలు రాసినాయన ఇ.ఎల్. బ్లాంచర్డ్ అని ఒక పెద్దమనిషి. చక్కటి ప్రాసలు, పిల్లలకి నీతి, దేవకన్యలు. హారిస్ ఏం చేశాడంటే ఆ పెద్దమనిషి పద్యాల మధ్యకి మ్యూజిక్ హాల్ వాళ్లని దింపాడు. మ్యూజిక్ హాల్ అంటే జనం తాగుతూ తింటూ పాటలు వినే చోటు, మర్యాదస్తులు దాని పేరెత్తితే మొహం చిట్లించేవారు. ఆ జనం తమ జోకులు, తమ పాటలు వేసుకుని వచ్చారు. బ్లాంచర్డ్ తన లైన్లు తను గుర్తుపట్టలేనట్టు పాడు చేస్తున్నారని డైరీలో రాసుకుని బాధపడ్డాడు. 1888 డిసెంబర్‌లో బేబ్స్ ఇన్ ది వుడ్ అనే పాంటో, అది బ్లాంచర్డ్‌కి చివరిది, మర్నాటి ఏడాది పోయాడు. అదే పాంటోతో డాన్ లీనో అనే పొట్టి కమెడియన్ డ్రూరీ లేన్‌లో అడుగుపెట్టాడు, చెక్క చెప్పుల డాన్సులో ఛాంపియన్, మ్యూజిక్ హాల్‌లో పెరిగినవాడు. క్రిస్మస్‌కి మొదలైంది 1889 ఏప్రిల్ 27 దాకా ఆడింది. ఆ తర్వాత లీనో బతికున్నంతకాలం ఏటా వాడు లేకుండా అక్కడ పాంటో లేదు.

ఇది చదివాక నాకు గిరిసోలా దగ్గర ఊళ్లో జరిగిన రాత్రి గుర్తొచ్చింది. నాకు పదిహేనేళ్లు, డబ్బుల పెట్టె నా ఒళ్లో ఉంది. సత్యహరిశ్చంద్ర. తొమ్మిదికి తెర లేవాలి, హరిశ్చంద్రుడు రావాల్సిన రైలు ఎక్కడో ఆగిపోయింది. పది, పదిన్నర, పదకొండు. ఈలలు అయిపోయి మట్టిబెడ్డలు మొదలయ్యాయి. మా వీధిలోనే ఉండే ఒక ఒడియా జాత్రా (వాళ్ల నాటకాలు) పార్టీ జోకరు ఆ రోజు ఊరికే నాటకం చూద్దామని మాతో వచ్చాడు. మావయ్య వాడి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లి నక్షత్రకుడి వేషం కట్టించి ముందుకి తోసేశాడు, పద్యం ఒక్కటి రాదు. వాడు స్టేజీ మీద ఉండలేదు, దిగి నేరుగా జనంలోకి పోయాడు. సగం తెలుగు సగం ఒడియా కలిపేసి, "విశ్వామిత్రుల వారి బాకీ ఎవరు కడతారు బావూ" అని ఒక్కొక్కడి ముందు చెయ్యి చాపుతూ, కిరాణా కొట్టు సేఠు దగ్గరికెళ్లి వాడి ఖాతాపుస్తకం లెక్కలు చెప్తూ, చివరికి వింగ్ పక్కన నిలబడ్డ మావయ్య మీదకి తిరిగి "ఏటి కాంట్రాక్టరూ, లైట్లోడికి ఇచ్చీసేవా?" అన్నాడు. లైట్లవాడు అక్కడే ఉన్నాడు. ఇంక ఆ నవ్వు ఆగలేదు, తెలుగోళ్లూ ఒడియావాళ్లూ ఒకే చోట నవ్వడం నేను అంతకు ముందు చూళ్లేదు, మామూలుగా ఎవరి జోకుకి వాళ్లే నవ్వుకునేవారు. గంటన్నర లాగాడు వాడు. ఒంటిగంటకి హరిశ్చంద్రుడు రిక్షా దిగి, మొహం కూడా కడుక్కోకుండా రంగు పూసుకున్నాడు, కాటి సీను తెల్లారేదాకా నడిచింది.

మా హార్మోనిస్టు పంతులుగారు మాత్రం ఆ గంటన్నరా పెట్టె మూసేసి దాని మీద చేతులు పెట్టుకుని కూచున్నారు. మర్నాడు షాపుకొచ్చి, "ఇది నాటకమా, తోలుబొమ్మల్లో కేతిగాడా?" అని మావయ్యని నిలదీశారు. నేను పంతులుగారి పక్షం. నాకు పద్యం నేర్పింది ఆయనే, ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా చదువుకునే మాలాంటి పిల్లలకి, 1936లో ఒడిశాని విడదీస్తూ గీత గీసి ఇవతల వదిలేసిన ఊళ్లలో, పద్యం అంటే చాలా పెద్ద సంగతి. వారం రోజులు మావయ్యతో మాట్లాడలేదు. మావయ్య ఏమీ అనలేదు. తర్వాత ఊళ్లవాళ్లు "నక్షత్రకుడు వస్తాడా? వస్తేనే అడ్వాన్సు" అనడం మొదలెట్టారు, పంతులుగారు మెల్లిగా రావడం మానేశారు.

ఇన్నేళ్లకి చూస్తే పంతులుగారి వాదనలో ఒక చిక్కుంది. ఆ తెల్లవారుజామున జనం వన్స్‌మోర్ కొట్టిన కాటి సీను పద్యాల్లో కొన్ని ఆ నాటకం రాసిన బలిజేపల్లివారివే కాదు. జాషువాగారు వేరే రాసుకున్న శ్మశానం పద్యాలు నటులు తెచ్చి అందులో కలిపేసుకున్నారు, ఇప్పుడవి తీసేస్తే జనం కొడతారు. పంతులుగారే వాటికి కళ్లు మూసుకుని శ్రుతి వేసేవారు. పై నుంచి వచ్చింది గొప్పదైతే కలిసిపోయిందని, కింద నుంచి వచ్చిందైతే పాడైపోయిందని, అంతేనా?

అయితే మావయ్యని పూర్తిగా వెనకేసుకు రాలేను. హారిస్ దగ్గర ఇంకో గుణం ఉంది. మేరీ లాయిడ్ అనే మ్యూజిక్ హాల్ రాణిని 1891 నుంచి మూడేళ్లు వరసగా పెట్టుకున్నాడు. ఒక పాంటోలో పడుకునే ముందు ప్రార్థన చెయ్యాల్సిన చోట ఆవిడ మంచం కింద ఉచ్చపోసుకునే కుండ వెతుకుతున్నట్టు చేసింది, హాలు గోలెత్తిపోయింది. ఇంకోసారి చేస్తే ఉద్యోగం ఊడుతుందని హారిస్ చెప్పేశాడు, ఆవిడ మానేసింది. మావయ్యకి ఈ ఆపడం రాలేదు. చింతామణి ఆడించినప్పుడు సుబ్బిశెట్టి వేషం అదే జోకరుకిచ్చాడు, రాత్రికి రాత్రి మాట ముదిరి, మూడో ఊరికొచ్చేసరికి ఆడవాళ్లు లేచి వెళ్లిపోయారు. కాళ్లకూరివారు వేశ్యావ్యసనం మాన్పిద్దామని రాసిన నాటకం అది. మా ఒక్కరి దగ్గరే కాదు, ఊరూరా సుబ్బిశెట్టి ఆ నాటకాన్ని మింగేశాడు, ఆఖరికి 2022 జనవరిలో ఆంధ్ర ప్రభుత్వం దాన్ని నిషేధించేదాకా పోయింది. నిషేధం నాకు నచ్చలేదు, కానీ ఎందుకొచ్చిందో ఆ మూడో ఊళ్లో డబ్బుల పెట్టె పట్టుకుని నేను చూశాను.

హారిస్ 1891లో సర్ అగస్టస్ హారిస్ అయ్యాడు, లండన్ షెరీఫ్‌గా కూడా చేశాడు, కోవెంట్ గార్డెన్ ఒపెరా కూడా తనే నడుపుతూ 1892లో జర్మన్ సంగీతకారుడు వాగ్నర్ ఒపెరాలని జర్మన్‌లోనే పాడించడానికి గుస్తావ్ మాలర్ అనే పెద్ద సంగీత నిర్వాహకుణ్ణి పిలిపించాడు. ఒక చేత్తో మాలర్, ఇంకో చేత్తో డాన్ లీనో! జనం డ్రూరీ లేన్‌ని షేక్‌స్పియర్ కొరియోలానస్‌తో కలిపి ఆయన్ని వేళాకోళంగా డ్రూరియోలానస్ అనేవారు. 1896 జూన్‌లో పోయాడు, 44 ఏళ్లకే. మర్నాటి ఏడాది ఆ కుళాయి కట్టారు.

మావయ్యకి కుళాయి ఏమీ లేదు. దర్బారు తెర ఒకటి మా అటక మీద ఉంది, ఏటా దసరా ముందు ఎండలో వేస్తాం, ఎలకలు సింహాసనం దగ్గర కొరికేశాయి. లెక్కల పుస్తకం కూడా ఉంది. మేనల్లుడు అడిగితే గిరిసోలా నాటకం పేజీ ఫొటో తీసి పంపాను. హరిశ్చంద్రుడు, చంద్రమతి, లైట్లు, రిక్షా, టీలు, అన్నీ వరసగా ఉన్నాయి. చివర పెన్సిల్‌తో, జోకరు 60, హార్మోనియం 60, పక్కన చిన్న అక్షరాల్లో, "ఇద్దరికీ సమానం అని పంతులుగారికి చెప్పకూడదు".