చుట్టల డబ్బాలో మ్యాచర్ మీటర్

మాకు ఇప్పుడు తేమ మీటర్లు, మా ఊరి మాటలో మ్యాచర్ మీటర్లు, మూడున్నాయి. ఒకటి సిగార్ల డబ్బాలో, ఒకటి వంటింట్లో పిండి డబ్బాల పక్కన, మూడోది ఊళ్లో నాయన దగ్గర. అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దగా ఉంటుంది. వెనక గుండ్రటి సెల్ వేస్తే పైన ఎంత వేడి ఉందో, కింద గాలిలో తేమ ఎంత శాతమో చూపిస్తుంది. నాకున్న ఇష్టాలన్నీ చివరికి ఈ కింది అంకె దగ్గరికే వచ్చి చేరాయి.

మొదలైంది మాత్రం సిగార్లతోనే. మూడేళ్ల కింద మా బావమరిది దుబాయ్ నుంచి వస్తూ ఐదు క్యూబా సిగార్లు తెచ్చాడు. డబ్బా మూత తీయగానే దేవదారు చెక్క వాసన, దాని కింద పాత బెల్లం లాంటి తీపి వాసన వచ్చాయి. నాకు వెంటనే మా తాత గుర్తొచ్చాడు. తాత చుట్ట తాగేవాడు. గోదావరి లంకల్లో పండే పొగాకు కొనుక్కొచ్చి తనే చుట్టుకునేవాడు. రాత్రి ఆకుల మీద నీళ్లు చిలకరించి తడి గోనె కప్పి పడుకునేవాడు. తెల్లారేసరికి ఆకు బట్టలాగ మెత్తబడేది. పెళపెళలాడే ఆకును చుట్టబోతే చినిగిపోతుందని, మరీ తడిస్తే బూజు పడుతుందని ఆయనకు తెలుసు. నాకు అప్పుడు తెలియదు.

అందుకే ఆ ఐదింట్లో రెండు పాడు చేసుకున్నాను. ఇనప బీరువాలో పెట్టి మర్చిపోయాను. మే నెలలో నల్లగొండ సంగతి తెలిసిందేగా, 44 డిగ్రీలు. తీసి చూస్తే ఒకదాని పై ఆకు ఎండిన చెరువులాగ నెర్రెలిచ్చింది. వెలిగిస్తే గబగబా మండి నాలుక మీద కారం తప్ప ఏమీ మిగల్లేదు. మిగిలినవాటిని కాపాడదామని డబ్బాలో తడి దూది పెట్టాను. పది రోజులకు ఒకదాని మీద తెల్లటి బూజు వచ్చింది. అప్పుడు కూర్చుని చదివాను. సిగార్‌కు చుట్టూ ఉన్న గాలిలో తేమ 65 నుంచి 70 శాతం మధ్య ఉండాలి. తగ్గితే ఆకులోని నూనెలు పోతాయి, పెరిగితే మంట సరిగ్గా నిలవదు, బూజు కూడా పడుతుంది. కొలవకుండా కుదరదని అర్థమై మొదటి మీటర్ ఆన్‌లైన్‌లో తెప్పించాను.

మీటర్ వచ్చాక ఇంకో డౌటు. అది చెప్పే అంకె నిజమేనని ఎలా నమ్మాలి? దానికి ఒక పరీక్ష ఉంది, అది నాకు ఎంతగా నచ్చిందంటే ఇప్పటికి మా దోస్తుల్లో నలుగురికి చేసి చూపించాను. నీళ్ల సీసా మూతలో ఉప్పు పోసి నాలుగైదు చుక్కల నీళ్లు వేయాలి. ఉప్పు కరగకూడదు, తడి ఇసుకలా ఉండాలి. ఆ మూతను, మీటర్‌ను ఒకే జిప్ కవర్లో పెట్టి గట్టిగా మూసి రాత్రంతా కదపకుండా వదిలేయాలి. తెల్లారి చూస్తే 75 చూపించాలి. కరగని ఉప్పు ఇంకా మిగిలి ఉన్న ఉప్పునీళ్లు, మూసిన చోట గాలిని దాదాపు 75 శాతం దగ్గర నిలబెడతాయి. తేమ ఎక్కువైతే పీల్చుకుంటాయి, తక్కువైతే వదులుతాయి. నా మీటర్ 71 చూపించింది. అంటే ఇది ఎప్పుడూ నాలుగు తక్కువ చెప్తుందన్నమాట. దాని వెనక మార్కర్‌తో 'కలుపు 4' అని రాసి పెట్టుకున్నాను.

ఆ పొద్దున ఇంకో విషయం వెలిగింది. వానాకాలంలో వంటింట్లో దొడ్డుప్పు డబ్బా ఎందుకు చెమ్మగిల్లుతుంది? గాలిలో తేమ 75 దాటగానే ఉప్పు నీళ్లు పట్టడం మొదలుపెడుతుంది, అందుకు. అమ్మ ఏళ్లుగా "ఉప్పు తడిసింది, అప్పడాలు బయటపెట్టకు" అనడం విన్నాను. ఆమె ఉప్పు డబ్బా చూసి చెప్పింది ఈ 75 గురించే.

సిగార్ల డబ్బాలో ఇప్పుడు తేమ ప్యాకెట్ పెడుతున్నాను. కాగితం సంచిలా ఉంటుంది, లోపల ఉండేది ఇలాంటి ఉప్పు ద్రావణమే. పైన 69 అనో 65 అనో రాసి ఉంటుంది. మన వేడికి 65దే మంచిదని నా అనుభవం. ఎందుకంటే పురుగు. పోయిన ఏడు ఒక సిగార్‌కు గుండుసూదితో పొడిచినట్టు సన్నటి రంధ్రం కనిపించింది. డబ్బా అడుగున గోధుమ రంగు పొడి. తెల్లకాగితం మీద దులిపితే ఆవగింజ కన్నా కాస్త పొడవుగా, ఎర్రగా, వీపు గుండ్రంగా ఉన్న పురుగు రాలింది. మా ఆవిడ చూసి, "ఇది మన పసుపు కొమ్ములల్ల పడే పురుగే గదా" అంది. వెతికి చూస్తే ఆమె మాటే నిజం. పొగాకు పురుగని పేరే గానీ అది పసుపు, ధనియాలు, మిరపకాయలు దేన్నీ వదలదు. 25 డిగ్రీలు దాటి, తేమ కూడా ఎక్కువుంటే గుడ్లు తొందరగా పిల్లలవుతాయి. మన ఊళ్లో 25 దాటని రోజులు ఏడాదికి ఎన్నుంటాయి? సిగార్లను కవర్లో బిగించి మూడు రోజులు డీప్ ఫ్రీజర్లో, తర్వాత ఒక రోజు ఫ్రిజ్ కింది అరలో పెట్టి మెల్లగా బయటికి తీశాను. తొందరపడి నేరుగా ఎండలోకి తెస్తే పై ఆకు పగులుతుంది. పసుపు కొమ్ములను కూడా అలాగే పెట్టాం.

నెలకు ఒకటే కాలుస్తాను, అది కూడా ఇంట్లో కాదు, డాబా మీద. లతీఫ్ సాహెబ్ గుట్ట మీద లైట్లు వెలిగే వేళకు కుర్చీ వేసుకుంటాను. అగ్గిపుల్ల గీసి గంధకం వాసన పోయేదాకా ఆగి, మంట తగలకుండా కొసను తిప్పుతూ వేడి చేస్తాను. అంచంతా సమంగా ఎర్రబడ్డాకే మొదటి దమ్ము. గంట పడుతుంది. ఫోన్ కింద పెట్టి వస్తాను.

నాయన సంగతి చెప్పాలి, అసలు ఇదంతా రాయడానికి కారణం ఆయనే. పోయిన వానాకాలం పంటకు ఊరికి వెళ్లినప్పుడు మీటర్ జేబులో ఉంది. నాయన చూసి "ఏందిరా ఇది?" అన్నాడు. తేమ చెప్తుందన్నాను. "మ్యాచర్ మిషనా?" అని కళ్లు పెద్దవి చేశాడు. మా వైపు రైతుకు ఈ మాట ఎంత బరువో బయటివాళ్లకు తెలియదు. కొనుగోలు కేంద్రంలో వడ్లు కాంటా కావాలంటే తేమ 17 శాతం లోపు ఉండాలి. గిన్నెలో గింజలు పోసి మర బిగించి నొక్కుతారు, అంకె వస్తుంది. అంతకు ముందు యేడు మా కుప్పకు 19 వచ్చింది. ఇంకో రెండు రోజులు ఎండబెట్టమన్నారు. రెండో రోజు రాత్రి వాన. నాయన టార్పాలిన్ అంచుల మీద రాళ్లు పెట్టి, కుప్ప పక్కనే మంచం వేసుకుని తెల్లవార్లూ కూర్చున్నాడు. మొత్తం పదకొండు రోజులు పట్టింది. పత్తికైనా ఇదే బాధ. 8 శాతం దాటితే ధర కోత, 12 దాటితే కొననే కొనరు.

నా మీటర్ గింజలో తేమ చెప్పదు, గాలిలో తేమ చెప్తుంది, రెండూ వేరు. నాయనకు అది చెప్తుంటే ఆయన ముఖం వాడిపోయింది. నాకూ కష్టంగా అనిపించింది. కానీ రాత్రి పడుకున్నాక సిగార్ల డబ్బా గుర్తొచ్చింది. ఆకు గాలి నుంచి తేమ తీసుకుంటుంది, గాలికి ఇస్తుంది. గింజ కూడా అంతే కదా! పొద్దున ఐదింటికి లేచి కళ్లంలో మీటర్ పెట్టి చూశాను, నాలుగు కలుపుకొని 91. మంచు కురుస్తోంది. ఎనిమిదింటికి 78. పదింటికి 59. మధ్యాహ్నం రెండింటికి 41. సాయంత్రం ఆరు కాకముందే మళ్లీ 70 దాటింది. మా ఊళ్లో చాలామంది ఏడింటికే కుప్ప విప్పి నేర్పుతారు, అంటే పలచగా పరుస్తారు, పొద్దుగూకాక తీరిగ్గా దగ్గరికి చేస్తారు. పగలు పోయిన తేమలో కొంత ఆ రెండు పూటల్లోనే తిరిగి వచ్చేస్తుంది.

నాయనతో చెప్తే వెంటనే ఒప్పుకోలేదు. రెండు గింజలు నోట్లో వేసుకుని కొరికాడు. బాగా ఎండితే టక్కుమని విరగాలి, తడి ఉంటే పంటికి అతుక్కుంటుంది. ఆయన మీటర్ అదే, యాభై ఏళ్ల నుంచి. కానీ ఆ రోజు నుంచి అంకె 60 కిందికి దిగాకే విప్పాడు. పలచగా నేర్పి, గంటకోసారి కాళ్లతో చాళ్లు పోస్తూ తిరిగాడు. ఎండ వాలకముందే కుప్ప చేసి కప్పేశాడు. ఈసారి నాలుగో రోజుకు 16.4 వచ్చింది. వాన పడలేదు, అది కూడా కలిసొచ్చింది. అయినా ఆ అంకె విన్నప్పుడు నాయన నా వీపు మీద వేసిన చెయ్యి నాకు ఇంకా తగులుతూనే ఉంది. తిరిగొచ్చేటప్పుడు ఆ మీటర్ ఆయనకే ఇచ్చేశాను.

వంటింటి మీటర్ సంక్రాంతికి పనికొచ్చింది. సకినాల పిండి తడిపిండి. నానిన బియ్యం నీళ్లు వడిసి, ఆరీ ఆరకముందే పట్టించాలి. అమ్మ పిండిని గుప్పిట పట్టి వదులుతుంది, ముద్ద నిలిచి వేలు తాకితే విడిపోవాలి. దానికి ఏ మీటరూ సాటి రాదు. కానీ బట్ట మీద చుట్టిన సకినాలు ఎంతసేపు ఆరాలన్నది గాలిని బట్టి మారుతుంది. ఉత్తరపు గాలి కొట్టి 40 ఉన్న పూట తొందరగా ఆరాయి, మబ్బు పట్టిన మర్నాడు దాదాపు రెట్టింపు టైం పట్టింది. అవన్నీ క్యాలెండర్ వెనక రాసి పెట్టాను. తపాల చెక్కకు మాత్రం ఇవేమీ అక్కర్లేదు. పిండిలో నువ్వులు, నానిన శనగపప్పు, ఉల్లికాడలు కలిపి గిన్నె అడుగున ఒత్తి, వేలితో బొక్కలు పెట్టి నూనె పోసి మూత పెడితే చాలు. ఏ కాలంలోనైనా కరకరలాడుతుంది.

ఈ కార్తీకంలో మళ్లీ కోతలు మొదలయ్యాయి. నిన్న పదిన్నరకు నాయన ఫోన్ చేశాడు.

"యాభై ఎనిమిదుందిరా. నాలుగు కలిపే చెప్తున్న. వడ్లు నేర్పుతున్నం."

"సరే నాయనా. సాయంత్రం ఐదింటికల్లా కప్పండి."

"నాకెరుకే. నీ చుట్టలెట్లున్నయ్?"

లేచి డబ్బా తీసి చూసి చెప్పాను, 65.