కామెర్లు తగ్గాయి, కోపం మాత్రం అలాగే ఉంది

జ్వరం, వాంతులు, అన్నం వాసన వస్తేనే కడుపులో తిప్పడం, తర్వాత కళ్ళు పచ్చబడటం. రక్త పరీక్షలు, స్కానింగ్, సెలైన్లు అందరికీ ఉండేవే. నాకు హెపటైటిస్-ఇ అని, అంటే కలుషితమైన నీళ్ళ వల్ల లివర్‌కి సోకే జబ్బని తేలింది. రౌండ్స్‌కి వచ్చిన డాక్టరు గారు ఫైల్లోంచి తల ఎత్తకుండానే "బీచ్‌రోడ్డు పానీపూరీ పనేనమ్మా ఇది" అన్నారు. నేను బయట తిననండీ అంటే నవ్వేసి పక్క మంచానికి వెళ్ళిపోయారు. మా ఎదురింటి మామ్మగారు మంచం దిగలేరు, ఆవిడకీ కామెర్లే. ఆవిడ ఏ బండి దగ్గర తిన్నారు?

ఆ రాత్రి డ్యూటీ నర్సు సెలైన్ మారుస్తూ "ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా అక్కా?" అని అడిగింది. మా చెల్లి పురుటికి వచ్చి ఉంది, ఎనిమిదో నెల. అది విని ఆ నర్సమ్మాయి ముఖం మారిపోయింది. మామూలుగా అయితే ఈ జబ్బు చాలామందిలో దానంతటదే తగ్గిపోతుందట, కానీ చివరి మూడు నెలల్లో ఉన్న గర్భిణులకు సోకితే నూటికి 20-25 మంది దాకా ప్రాణాలు పోవచ్చట. మేమందరం తాగేది ఒకే బిందెలో నీళ్ళు! పైగా ఒంట్లో చేరాక బయటపడటానికి 2 వారాలు పట్టొచ్చు, 10 వారాలైనా పట్టొచ్చు. అర్ధరాత్రి చెల్లికి ఫోన్ చేసి లేపి, లైటు వేసి అద్దంలో కళ్ళు చూసుకోవే అన్నాను. "తెల్లగానే ఉన్నాయక్కా, పడుకో" అంది. నాకు నిద్ర ఎక్కడిది, తెల్లారేదాకా కనకమహాలక్ష్మి అమ్మవారిని తలుచుకుంటూనే ఉన్నాను.

మన విశాఖకి రైవాడ, తాటిపూడి, మేఘాద్రిగెడ్డ, ఏలేరు కాలువ నీళ్ళు వస్తాయి. శుద్ధి చేసే వదులుతారు. కానీ మా సందులో పైపు మురికి కాలువలోంచి పోయేది, తుప్పు పట్టి చిల్లులు పడి ఉండేది. సరఫరా రోజూ కాసేపే కాబట్టి, ఆపేయగానే పైపులో ఒత్తిడి పడిపోయి కాలువ నీరు ఆ చిల్లుల్లోంచి లోపలికి పోయేది. మొదటి బిందె కంపు కొడుతోందని మా సందు ఆడవాళ్ళు ఎన్నిసార్లు మొత్తుకున్నా "కాసేపు వదిలేసి పట్టుకోండి" అన్నదే సమాధానం.

చివరికి వచ్చిన ఫిట్టర్ అబ్బాయికి మాత్రం చేతులెత్తి దండం పెట్టాలి. ఆ మురుగులోకి దిగి చిల్లు పట్టుకున్నాడు. మా కుళాయి నీళ్ళు చిన్న గొట్టంలో పట్టి మందు చుక్కలు వేశాడు. చివరి కుళాయి దగ్గర కూడా లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలట, ఉంటే నీళ్ళు పసుపు రంగులోకి తిరుగుతాయట. మావి తిరగనే లేదు.

చెల్లి రిపోర్టులో ఏమీ లేదని వచ్చింది. పాప పుట్టింది, ఇద్దరూ బాగున్నారు. అమ్మవారి మొక్కు మార్గశిర గురువారం తీర్చుకున్నాను. కామెర్లకి పసరు పోయిస్తామని మా అత్తయ్య వాళ్ళు ఎంత పట్టుబట్టినా నేను ఒప్పుకోలేదు, మీరూ ఒప్పుకోకండి, అసలే దెబ్బతిన్న లివర్ అది. నీళ్ళు గోరువెచ్చగా చేస్తే చాలదు, సలసలా మరగాలి.

మా పైపు మార్చారు. పక్క సందుది ఇంకా కాలువలోనే ఉంది, అక్కడా ఒకమ్మాయికి ఏడో నెల. కాచి తాగమని ఇంటికెళ్ళి చెప్పాను, పైపు కోసం అర్జీ కూడా రాసి అందరి చేతా సంతకాలు పెట్టిస్తున్నాను.