భోగి మంటలకి బస్సులోంచే దణ్ణం

వెళ్లేటప్పుడు బస్సులో మాతో కలిపి పదకొండు మందిమే. 2025 జనవరి 11, శనివారం. పొద్దున్నే రావులపాలెంలో ఎక్కాం. సూర్యాపేట దాటాక అవతలి రోడ్డు చూస్తే చీమల బారులా కార్లు. హైదరాబాద్ మొత్తం మా ఊళ్లకి వస్తుంటే, మేం ముగ్గురం హైదరాబాద్ పోతున్నాం. "పండక్కి అటెళ్తున్నారేంటండీ?" అన్నాడు కండక్టర్. క్విజ్ పోటీ అని చెబితే మా బడి పిల్లలిద్దరి వంకా జాలిగా చూశాడు.

పోటీ 12న. ఆ రోజు వివేకానందుడి జయంతి, 1985 నుంచి జాతీయ యువజన దినోత్సవం కూడా. క్విజ్‌లకీ వక్తృత్వాలకీ ఆ తేదీ అంటే నిర్వాహకులకి మహా మోజు. ఉత్తరం డిసెంబర్ మూడో వారంలో వచ్చింది. రైలు టికెట్లు రెండు నెలల ముందే తెరుచుకుంటాయి కాబట్టి అప్పటికే గౌతమి, గోదావరి, నర్సాపూర్ అన్నీ 'రిగ్రెట్'. వెయిటింగ్ లిస్టులో కూడా చోటివ్వరన్నమాట. ఫోన్ చేసి, తేదీ మార్చలేరా అని అడిగాను. "సెలవుల్లో అయితే పిల్లలకి క్లాసులు పోవు కదండీ. అయినా పండగ 14న. మీరు 13 కల్లా ఇంట్లో ఉంటారు" అన్నాడు అవతలాయన. 13 భోగి అన్నాను. "ఓ, అదా!" అన్నాడు.

మా అమ్మాయికి 'అదా' కాదు. తొమ్మిదో తరగతి. నెలగంట పెట్టిన దగ్గర్నుంచి గొబ్బి పిడకలు తట్టి, ఎండబెట్టి, నూట ఎనిమిది గుచ్చి దండ చేసి పెట్టుకుంది. తమ్ముడు తన దండ మంటలో వేసేస్తాడేమోనని బీరువాలో దాచి తాళం తెచ్చేసుకుంది. దారి పొడుగునా ఆ తాళంచెవి చేతిలోనే ఉంది. రెండోవాడు పదో తరగతి. ముస్లింల అబ్బాయి, నెమ్మదస్తుడు. ముందటేడు మార్చిలో వేరే పోటీని రోజాల్లో, సరిగ్గా ఇఫ్తార్ వేళ దాకా సాగదీస్తే, గుక్కెడు నీళ్లు తాగకుండా కూర్చుని రెండో బహుమతి తెచ్చాడు. అప్పుడు నేను తేదీ మార్చమని ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. ఆ సంగతి ఈ ప్రయాణంలోనే తట్టింది.

పోటీ గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. ఎనిమిది జట్లు రావాలి, ఐదే వచ్చాయి. నాలుగు రౌండ్ల దాకా మాది రెండో స్థానం. బజర్ రౌండ్‌లో ప్రశ్న: "1863 జనవరి 12న, స్వామి వివేకానంద పుట్టిన రోజున, ఏ పండుగ?" మా పిల్ల ఠక్కున బజర్ నొక్కి, "భోగి!" అంది. హాలంతా నవ్వు. జవాబు మకర సంక్రాంతి. మైనస్ ఐదు. నాలుగో స్థానంలోకి పడ్డాం. ఇచ్చిన బహుమతి ఒక్కొక్కరికీ ఒక పెన్ను, ఒక గోడ క్యాలెండర్.

రాత్రి ఏడింటికి దిల్‌సుఖ్‌నగర్‌లో ప్రైవేటు బస్సు. మామూలు రోజుల్లో తొమ్మిది వందలుండే సీటు 2,600. ముగ్గురికి 7,800. దారిఖర్చులకని జట్టుకి ఇచ్చింది 1,500. మిగతాది ఎవరి జేబులోంచి పోయిందో చెప్పనక్కర్లేదు. పోనీ, డబ్బు తీసుకున్నందుకు బస్సు కదిలిందా? పంతంగి టోల్ దాటేసరికి పదిన్నర. గేట్లు ఎక్కువ భాగం విజయవాడ వైపే తెరిచారు, ఫాస్టాగ్‌లున్నాయి, అయినా అంగుళం అంగుళమే. పక్క కారులో ఎవరో కోడిపుంజుని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. అది మా కిటికీ వైపే గుడ్లురిమి చూస్తోంది. సూర్యాపేట దగ్గర హోటల్లో ఇడ్లీ ప్లేటు 80. చట్నీ మళ్లీ అడిగితే విననట్టు వెళ్లిపోయాడు.

మా పిల్ల అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడలేదు. ముందు సీట్లో డెబ్బై ఏళ్ల పెద్దాయన. ముమ్మిడివరం వాస్తవ్యులు, కూకట్‌పల్లిలో కొడుకు దగ్గర ఉంటారట. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడకపోతే ఏడాది గడిచినట్టుండదన్నారు. "ఏమ్మా, అలా ఉన్నావు?" అని అడిగితే మా వాడే మొత్తం కథ చెప్పాడు.

"12న సంక్రాంతేంటండీ, తప్పు ప్రశ్న" అన్నారాయన. కాసేపు ఆలోచించి, "మా తాతగారి చిన్నప్పుడు పదమూడుకి వచ్చేదనేవారు సుమండీ" అన్నారు. ఇక నాలోని సైన్సు మాస్టారు ఊరుకోలేదు. మన పంచాంగం నిరయనం, నక్షత్రాలని బట్టి లెక్క. ఇంగ్లీషు క్యాలెండర్ ఋతువులని బట్టి. రెండింటి ఏడాది నిడివికీ తేడా సుమారు 20 నిమిషాలు. అవి పోగై పోగై, డెబ్బై ఏళ్లు దాటేసరికి ఒక రోజవుతుంది. అందుకే 1863లో 12న వచ్చిన సంక్రాంతి ఇప్పుడు 14కీ 15కీ జరిగింది. పెద్దాయన వేళ్ల మీద లెక్కపెట్టి, "ఆయ్, సరిపోయింది" అన్నారు.

మా పిల్ల మొదటిసారి నోరు విప్పింది. "అంటే మాస్టారండీ, అది పండగ రోజని వాళ్లకి తెలుసన్నమాట." ఎవరూ ఏమీ అనలేదు.

విజయవాడ నాలుగింటికి. హనుమాన్ జంక్షన్ దాటాక చీకట్లో, పొలాల అవతల ఒక మంట కనపడింది. కాస్త దూరంలో ఇంకోటి. అప్పటికి మా పిల్ల తాళంచెవి పిడికిట్లో పెట్టుకుని నిద్రపోయింది. లేపనా అన్నట్టు చూశాడు మా వాడు. వద్దన్నాను. తప్పు చేశానేమో, తెలీదు. ముందు సీట్లో పెద్దాయన మాత్రం కిటికీలోంచి ప్రతి మంటకీ దణ్ణం పెట్టుకుంటున్నారు. మా వాడు తాడేపల్లిగూడెం వచ్చేదాకా ముప్పై ఏడు లెక్కపెట్టాడు. తెల్లగా తెల్లారాక ఇక పొగలే.

తర్వాత క్యాలెండర్ విప్పి మార్చి పేజీ తీశాడు. "ఈసారి రంజాన్ మార్చి 2 నుంచండీ" అన్నాడు. రాష్ట్ర స్థాయి పోటీ ఉంటే మార్చిలోనే అని నిన్న స్టేజీ మీద చెప్పారు.

రావులపాలెంలో దిగేసరికి ఎనిమిదైంది. అమలాపురానికి ఆటోవాడు పండగ రేటన్నాడు. బేరమాడే ఓపిక లేదు, ఎక్కేశాం.